పని గుత్తకిచ్చారు... పట్టా ఎవరి దగ్గరుంది?

'కాస్త ధర తగ్గించండి'... రైతుబజార్లో వంకాయలు బేరమాడేవాళ్ల నోట వినిపించే మాటే ఇది. 1971లో జపాన్‌కు చెందిన ఓ కాలిక్యులేటర్ల కంపెనీ కూడా, తనకోసం చిప్‌లు తయారుచేసిపెడుతున్న అమెరికా కంపెనీని ఇదే అడిగింది. అమెరికావాళ్లు కాదనలేదు. ధర తగ్గిస్తామన్నారు. బదులుగా ఆ చిప్‌ని బయటివాళ్లకు కూడా అమ్ముకోనివ్వమని అడిగారు. పోటీ కాలిక్యులేటర్ల కంపెనీలకు మాత్రం అమ్మబోమన్నారు. జపాన్ కంపెనీకి ఇందులో నష్టమేమీ కనిపించలేదు. తన వ్యాపారం కాలిక్యులేటర్లే కదా! సరేనంది.

ఆ బేరంలో చేతులు మారింది ప్రపంచంలో అమ్మకానికొచ్చిన మొట్టమొదటి మైక్రోప్రాసెసర్ మీద హక్కు. దాన్ని వదులుకున్న కంపెనీ పేరు బిజికామ్. అందుకున్న కంపెనీ పేరు ఇంటెల్!

బిజికామ్ పేరు ఇప్పుడు ఎంతమందికి తెలుసు? 1974లోనే అది దివాలా తీసింది. ఇంటెల్ పేరు మాత్రం ఆ తర్వాత ఇంటింటి కంప్యూటర్ మీదా స్టిక్కరై అంటుకుంది.

ఆలోచన మనది, దాన్ని వస్తువుగా మలిచే పని మాత్రం బయటివాళ్లది... ఈ పద్ధతికి కంపెనీలవాళ్లు పెట్టుకున్న పేరు 'ప్రొడక్ట్ డెవలప్‌మెంట్ అవుట్‌సోర్సింగ్'. పేరు కొత్తదేమో కానీ పద్ధతి మన పల్లెలకు కొత్త కాదు. నాట్లు గుత్తకిస్తారు. కోతలు గుత్తకిస్తారు. మామిడితోటనైతే పూత మీదుండగానే గంపగుత్తగా ఇచ్చేస్తారు. ఏది ఎవరికిచ్చినా పొలం పట్టా మాత్రం ఇంట్లో బీరువాలోనే ఉంటుంది. చిప్‌కీ, సాఫ్ట్‌వేర్‌కీ గట్లుండవు, సర్వే నంబర్లుండవు. వాటి పట్టా ఎవరిదన్నది ఒప్పంద పత్రంలో ఎక్కడో ఒకటి రెండు వాక్యాల్లో ఉంటుంది. చాలామంది ధర రాసిన పేజీ రెండుసార్లు చదువుతారు, ఆ వాక్యాలున్న పేజీ తిప్పేస్తారు.

తిప్పేసినవాళ్లలో చిన్నాచితకా కంపెనీలే ఉంటాయనుకుంటే పొరపాటే.

షిమాకి కోపమొచ్చింది!

ముందు బిజికామ్ కథ పూర్తిగా చెప్పుకోవాలి. ఎందుకంటే బయటివాళ్లకు పని అప్పగించేవాళ్లకు ఎదురయ్యే కష్టాలన్నీ అందులో ఉన్నాయి.

1969లో బిజికామ్ ఓ కొత్తరకం కాలిక్యులేటర్ చేయాలనుకుంది. లెక్క చేసి కాగితం మీద అచ్చు కూడా వేసేది. అందుకు కావాల్సిన చిప్‌లు సొంతంగా తయారుచేసుకునే శక్తి లేదు. కాలిఫోర్నియాలోని ఇంటెల్‌కి పని అప్పగించింది. అప్పటికి ఇంటెల్ పుట్టి ఏడాదే. దాని ధ్యాసంతా మెమరీ చిప్‌ల మీదే. బిజికామ్ ఇంజినీర్లు ఒక్కో పనికి ఒక్కోటి చొప్పున చాలా చిప్‌లతో డిజైన్ పట్టుకొచ్చారు. ఇంటెల్‌లో టెడ్ హాఫ్ దాన్ని చూసి, ఇన్ని ఎందుకు, ఆదేశాలను బట్టి ఏ పనైనా చేసే చిప్ ఒక్కటి ఉంటే చాలదా అని ఆలోచించాడు. ఆ ఒక్కటీ, దానికి తోడు మరో మూడూ... మొత్తం నాలుగు చిప్‌లతో సరిపెట్టవచ్చని తేల్చారు. బిజికామ్ ఒప్పుకుంది. డిజైన్ ఖర్చుకింద 60 వేల డాలర్లిచ్చేలా, ఆ చిప్‌లు తనకు మాత్రమే అమ్మేలా ఒప్పందం.

అంతా బాగానే ఉంది. 1970 ఏప్రిల్‌లో పని ఎంతవరకూ వచ్చిందో చూద్దామని బిజికామ్ ఇంజినీరు మసతోషి షిమా అమెరికా వెళ్లాడు. వెళ్లి చూస్తే... నెలల తరబడి ఎవరూ దాన్ని ముట్టుకోలేదు! ఈ పని కోసమే ఇంటెల్ కొత్తగా తీసుకున్న ఫెడెరికో ఫాజిన్ ఉద్యోగంలో చేరి అప్పటికి కొద్దిరోజులే. షిమా కోపమంతా చూడాల్సి వచ్చింది ఆ కొత్త ఉద్యోగే. పని బయటికిచ్చిన ఎవరికైనా ఈ కోపం తెలిసే ఉంటుంది. దర్జీకిచ్చిన పెళ్లిబట్టలు ముహూర్తం ముందురోజు వెళ్లి చూస్తే ఇంకా కత్తెరే పడనట్టు!

షిమా కోప్పడి తిరిగి వెళ్లిపోలేదు. నెలల తరబడి అక్కడే ఉండి ఫాజిన్‌తో పాటు కూర్చుని డిజైన్ పనిలో చెయ్యి కలిపాడు. అంటే, డబ్బిచ్చిన కంపెనీ మనిషే ఎదురెళ్లి పని కూడా చేశాడన్నమాట. ఆ ఏడాది చివర్లో 4004 చిప్ మొదటి విడత తయారైంది. ఒక్కటీ పనిచేయలేదు. ఏమిటా అని చూస్తే తయారీలో ఒక పొర వేయడమే మర్చిపోయారు. 1971 జనవరిలో వచ్చిన రెండో విడత పనిచేసింది. 2300 ట్రాన్సిస్టర్లున్న ఆ చిప్ అంచున ఫాజిన్ తన పేరులోని రెండు పొడి అక్షరాలు చెక్కుకున్నాడు.

ఇంతలో కాలిక్యులేటర్ల మార్కెట్లో పోటీ పెరిగింది. ధరలు పడిపోయాయి. బిజికామ్‌కి ఊపిరాడని పరిస్థితి. అందుకే ఆ 'కాస్త తగ్గించండి' అన్న బేరం. ఇంటెల్ తగ్గించింది, తీసుకున్న 60 వేల డాలర్లూ వదులుకుంది, హక్కులు తెచ్చుకుంది. 1971 నవంబరులో 4004 చిప్‌ని ఎవరైనా కొనుక్కోవచ్చని ప్రకటన ఇచ్చేసింది.

బిజికామ్‌ని మరీ తప్పుపట్టలేం. ఇల్లు గడవనప్పుడు మెడలో గొలుసు అమ్ముకునేవాళ్లుంటారు. దాని చేతిలో ఉన్నది గొలుసు కాదు, గని అని ఆరోజు ఎవరికి తెలుసు? ఇంటెల్‌లోనూ చాలామందికి తెలియదు. కాకపోతే ఒక తేడా ఉంది. ఇంటెల్ ఇంజినీర్లు ఆ చిప్‌ని కాలిక్యులేటర్లో చూడటం మానేసి, ఇంకా ఎక్కడెక్కడ వాడొచ్చా అని ఆలోచించడం మొదలుపెట్టారు. చేతులతో చేసినవాళ్లకు వచ్చే ఆలోచన అది. చేయించుకున్నవాళ్లకు వచ్చినా ఆలస్యంగానే వస్తుంది. షిమాకి కూడా విషయం అర్థమైనట్టుంది. 1972లో ఆయన ఇంటెల్‌లోనే చేరిపోయాడు. 8080 చిప్ రూపకల్పనలో ముఖ్యపాత్ర ఆయనదే. పని మీద వెళ్లిన మనిషి కూడా పనితోపాటే వెళ్లిపోయాడు!

ఏడాదిలో కంప్యూటర్ కావాలి

తొమ్మిదేళ్లు గడిచాయి. ఈసారి పని గుత్తకివ్వబోతున్నది ఆషామాషీ కంపెనీ కాదు. ఐబీఎం.

పెద్ద కంప్యూటర్ల ప్రపంచంలో అప్పట్లో ఐబీఎం మాటే వేదం. చిన్న కంప్యూటర్లను మాత్రం ఆపిల్‌లాంటి కుర్ర కంపెనీలు అమ్ముకుపోతున్నాయి. ఐబీఎంలో ఏ కొత్త యంత్రం రావాలన్నా ఏళ్లు పట్టేది. 1980లో ఫ్లోరిడాలోని బొకా రాటన్ విభాగానికి చెందిన బిల్ లో పైవాళ్ల దగ్గరికెళ్లి, ఏడాదిలో చిన్న కంప్యూటర్ చేసి చూపిస్తాననీ, అందుకు కంపెనీ పద్ధతులన్నీ పక్కనపెట్టి విడిభాగాలు బయటే కొనాలనీ చెప్పాడు. పైవాళ్లు ఊ అన్నారు.

ప్రాసెసర్ ఇంటెల్ దగ్గర కొన్నారు. అవును, బిజికామ్ చిప్‌తో మొదలైన వంశంలోదే, 8088. ఫ్లాపీ డ్రైవులు భారత సంతతికి చెందిన సిర్జంగ్ లాల్ టాండన్ పెట్టిన కంపెనీవి. ప్రింటర్ జపాన్‌లోని ఎప్సన్‌ది. ఇక కంప్యూటర్‌ని నడిపించే సాఫ్ట్‌వేర్... ఆపరేటింగ్ సిస్టమ్. దానికోసం ముందు అడిగింది సియాటిల్ దగ్గరున్న మైక్రోసాఫ్ట్ అనే చిన్న కంపెనీని. అక్కడ అది లేదు. వాళ్లు చేసేది బేసిక్‌లాంటి ప్రోగ్రామింగ్ భాషలే. గ్యారీ కిల్డాల్ కంపెనీ డిజిటల్ రీసెర్చ్ దగ్గర ఉంది, వెళ్లమన్నారు. అక్కడ బేరం కుదరలేదు. ఎందుకు కుదరలేదన్నదానికి ఎవరి కథ వారిది. ఐబీఎం మళ్లీ మైక్రోసాఫ్ట్ గుమ్మంలోకే వచ్చింది.

లేని సరుకు ఇస్తామని మైక్రోసాఫ్ట్ ఒప్పుకుంది! అదే ఊళ్లో 'సియాటిల్ కంప్యూటర్ ప్రొడక్ట్స్' అనే ఓ చిన్న హార్డ్‌వేర్ కంపెనీ ఉంది. అందులో 24 ఏళ్ల ఇంజినీరు టిమ్ పేటర్సన్ తమ బోర్డుల కోసం ఓ ఆపరేటింగ్ సిస్టమ్ రాసి పెట్టుకున్నాడు. హడావిడిగా చేసిన ముతకసరుకు అనే అర్థం వచ్చేలా దానికి 'క్యూడాస్' అని పేరు. 1980 డిసెంబరులో మైక్రోసాఫ్ట్ 25 వేల డాలర్లిచ్చి దాన్ని వాడుకునే అనుమతి తీసుకుంది. 1981 జులైలో, ఐబీఎం కంప్యూటర్ బయటికి రావడానికి కొద్దివారాల ముందు, ఇంకో 50 వేలిచ్చి పూర్తిగా కొనేసింది. పేటర్సన్‌ని అప్పటికే ఉద్యోగంలోకి తీసుకుంది.

ఇక్కడే చూడాలి. ఐబీఎం తన పనిని మైక్రోసాఫ్ట్‌కి అప్పగించింది. మైక్రోసాఫ్ట్ సగం పని ఇంకొకరి దగ్గర తీసుకుంది. అంటే ఇద్దరూ బయటివాళ్ల మీద ఆధారపడినవాళ్లే. కానీ మైక్రోసాఫ్ట్ కొన్నది పొలం. ఐబీఎం కొన్నది పంట. ఐబీఎం కొన్ని లక్షల డాలర్లు కట్టి ఆ సాఫ్ట్‌వేర్‌ని తన కంప్యూటర్లలో వాడుకునే హక్కు తీసుకుంది. ఒక్కో కంప్యూటర్‌కీ రాయల్టీ కట్టక్కర్లేదు, చౌకే. దాన్ని ఇతర కంపెనీలకు అమ్ముకునే హక్కు మాత్రం మైక్రోసాఫ్ట్ దగ్గరే ఉండిపోయింది. 

ఐబీఎం అంత అమాయకంగా ఎలా ఒప్పుకుంది? అమాయకత్వమేం కాదు. గుత్తాధిపత్యం చలాయిస్తోందంటూ అమెరికా ప్రభుత్వం వేసిన కేసు 1969 నుంచీ దాని నెత్తిన వేలాడుతోంది. 1982లో గానీ అది తొలగలేదు. అలాంటప్పుడు అన్నీ తన గుప్పిట్లోనే పెట్టుకోవడానికి జంకడం సహజం. పైగా ఏడాది గడువు. యంత్రాన్ని మొదట మేల్కొలిపే 'బయోస్' అనే చిన్న ప్రోగ్రామ్ ఎలాగూ తన సొంతం, దాన్నెవరూ కాపీ కొట్టలేరన్న ధీమా కూడా ఉంది.

1981 ఆగస్టు 12న ఐబీఎం పీసీ విడుదలైంది. ధర 1565 డాలర్ల నుంచి మొదలు. అనుకున్నదానికన్నా బాగా అమ్ముడైంది. అప్పుడే హ్యూస్టన్‌లో ముగ్గురు స్నేహితులు కాంపాక్ అనే కంపెనీ పెట్టారు. ఐబీఎం బయోస్‌ని చదివినవాళ్లు అది ఏమేం చేస్తుందో మాత్రం కాగితం మీద రాసిచ్చారు. అసలు ప్రోగ్రామ్‌ని ఎన్నడూ చూడని మరో బృందం ఆ కాగితం చూసి కొత్తగా రాసింది. కాపీ అనడానికి లేదు. ప్రాసెసర్ ఇంటెల్ దగ్గర, డాస్ మైక్రోసాఫ్ట్ దగ్గర దొరుకుతున్నాయి. ఇంకేం కావాలి? 1983లో, అమ్మకాలు మొదలైన మొదటి ఏడాదే, కాంపాక్ 11 కోట్ల 10 లక్షల డాలర్ల సరుకు అమ్మింది. తర్వాత అలాంటి కంపెనీలు పుట్టగొడుగుల్లా వచ్చాయి. ఎవరు ఎన్ని కంప్యూటర్లు అమ్మినా ఇద్దరికి మాత్రం వాటా వెళ్లేది. ఆ ఇద్దరిలో ఐబీఎం లేదు. చివరికి 2005లో తన పీసీల వ్యాపారాన్నే చైనా కంపెనీ లెనోవోకు అప్పగించి బయటపడింది.

అయితే, ఆ పని బయటికి ఇవ్వకపోయి ఉంటే ఐబీఎం బాగుపడేదా? అలా అనుకోవడానికి లేదు. సొంతంగా చేద్దామని కూర్చుంటే ఏడాదిలో పీసీ వచ్చేదే కాదు. బయటికిచ్చిన నిర్ణయం మంచిదే. ఇచ్చిన కాగితమే మంచిది కాదు.

లాభం కూడా బయటికే!

పట్టా తన దగ్గరే ఉంచుకుని కూడా ఇబ్బందిపడ్డ కంపెనీ ఒకటుంది. బోయింగ్. 787 డ్రీమ్‌లైనర్ విమానాన్ని తయారుచేసేటప్పుడు భాగాల తయారీనే కాదు, వాటి వివరమైన డిజైన్‌ని కూడా ప్రపంచవ్యాప్తంగా ఉన్న భాగస్వాములకు అప్పగించింది. రెక్కలు జపాన్‌లో. శరీరంలో ఒక ముక్క ఇటలీలో, ఇంకో ముక్క దక్షిణ కరోలినాలో. పెట్టుబడీ, నష్టభయమూ అందరూ పంచుకుంటే బోయింగ్ మీద భారం తగ్గుతుందని లెక్క. 2007 జులై 8న, అమెరికావాళ్లు తేదీ రాసే తీరులో 7-8-7 అని కలిసొచ్చేలా, విమానాన్ని జనానికి చూపించారు. చప్పట్లు మోగాయి. లోపల చూస్తే సగం డొల్ల! ముక్కలు సరిగా అతకలేదు. తాత్కాలిక బిగింపులతో నిలబెట్టారు. 2008లో ఇస్తామన్న మొదటి విమానం జపాన్ కంపెనీ ఏఎన్ఏ చేతికి అందింది 2011 సెప్టెంబరులో. ఈలోగా, దక్షిణ కరోలినాలో ముక్కలు చేస్తున్న ఫ్యాక్టరీని 2009లో బోయింగే కొనుక్కోవాల్సి వచ్చింది.

విచిత్రమేమిటంటే, ఇదంతా జరగబోతుందని బోయింగ్‌లోనే ఒకాయన ముందే చెప్పారు. ఆయన జాన్ హార్ట్-స్మిత్, ఆ కంపెనీ ఇంజినీరే. 2001లో కంపెనీ అంతర్గత సదస్సులో ఓ పత్రం చదివారు. పని ఎంత బయటికిస్తే లాభం కూడా అంత బయటికే పోతుందన్నది దాని సారాంశం. తక్కువ ధరకు చేయిస్తున్నామని మురిసిపోయే కంపెనీ, బయటివాళ్లు చేసిన పనిని అతికించడానికీ, తప్పులు సరిదిద్దడానికీ అయ్యే ఖర్చుని లెక్కలోకి తీసుకోదని ఆయన వాదన. విడిభాగాలిచ్చినవాళ్లు తమ లాభం తాము తీసుకుని వెళతారు, చివర్లో అతుకులేసేవాడి దగ్గరే నష్టాలన్నీ పోగుపడతాయి. ఇంట్లో పెళ్లి చేసినవాళ్లకు ఇది వివరంగా చెప్పక్కర్లేదు. వంటలు, పందిరి, పూలు, వీడియో ఎవరి లెక్క వాళ్లకి సరిపోతుంది. తేలని లెక్కలన్నీ ఆడపిల్ల తండ్రి దగ్గరే ఉంటాయి.

బిల్లు కట్టేస్తే సొంతమైపోతుందా?

ఇవన్నీ వేలకోట్ల వ్యవహారాలు, మనకెందుకనిపించవచ్చు. విజయవాడలో ఓ కుర్రాడు ఉన్నాడనుకోండి. వాళ్ల నాన్నకి మందుల దుకాణం. గడువు దాటబోయే మందులేవో ముందే చెప్పే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఉంటే బాగుంటుందని అతనికి ఆలోచన వచ్చింది. తనకు ప్రోగ్రామింగ్ రాదు. హైదరాబాద్‌లో నలుగురు స్నేహితులు నడుపుతున్న చిన్న కంపెనీకి అప్పగించాడు. ఆరునెలలు, ఏడెనిమిది లక్షలు. అమ్మ గాజులు కూడా తాకట్టుకెళ్లాయి. సాఫ్ట్‌వేర్ వచ్చింది, బాగుంది, యాభై దుకాణాలు కొన్నాయి. పైసాతో సహా బిల్లు కట్టేశాడు, రసీదు కూడా ఉంది. మరి ఆ సాఫ్ట్‌వేర్ ఎవరిది?

అతనిదే అని ఇంట్లోవాళ్లంతా చెబుతారు. చట్టం అలా చెప్పదు. మన దేశంలో 1957 కాపీరైట్ చట్టం ప్రకారం కంప్యూటర్ ప్రోగ్రామ్ కూడా సాహిత్య రచనతో సమానమే. రాసినవాళ్లే దానికి మొదటి హక్కుదారు. జీతమిచ్చి పెట్టుకున్న ఉద్యోగి తన ఉద్యోగంలో భాగంగా రాస్తే, వేరే ఒప్పందం లేకపోతే, అది యజమానిది అవుతుంది. బయటి కంపెనీకిచ్చి రాయిస్తే మాత్రం, హక్కు బదిలీ చేస్తున్నట్టు రాతపూర్వకంగా, సంతకంతో ఇస్తేనే చేతికొస్తుంది. రసీదు డబ్బు ముట్టిందని మాత్రమే చెబుతుంది.

ఆ చట్టంలోనే 19వ సెక్షన్ ఇంకా చిత్రమైనది. బదిలీ పత్రం రాసుకున్నారు, కానీ ఎంతకాలానికో రాయలేదు. అప్పుడు అది అయిదేళ్లకే అనుకోవాలట! ఏయే దేశాల్లో చెల్లుతుందో రాయలేదు. అప్పుడు మన దేశంలోనే. అంటే, 'మొత్తం హక్కులు ఇచ్చేస్తున్నాం' అని ఒక్క ముక్కలో రాయించుకుని నిశ్చింతగా ఉన్న కుర్రాడికి ఆరో ఏడు తన సాఫ్ట్‌వేర్ తనది కాకుండా పోయే ప్రమాదం ఉంది. దుబాయ్‌లో అమ్మబోతే అసలు మొదటిరోజు నుంచే చిక్కు. వకీలుకి నాలుగు డబ్బులిచ్చి రెండు వాక్యాలు రాయించుకుంటే తీరిపోయేదానికి గాజులు పోగొట్టుకోవడం ఎందుకు?

చట్టంతో తీరని సంగతులు ఇంకొన్ని. ప్రోగ్రామ్ మూలప్రతి ఎవరి కంప్యూటర్లో ఉంది? వెబ్‌సైట్ పేరు ఎవరి పేరుమీద రిజిస్టరైంది? ఫోన్ యాప్ అయితే దాన్ని పెట్టిన ఖాతా ఎవరిది? చేసిపెట్టినవాళ్లే అన్నీ తమ పేర్ల మీద తెరిచేస్తారు. మోసం చేయాలని కాదు, పని త్వరగా అవుతుందని. ఏడాది తర్వాత ఆ నలుగురు స్నేహితులూ విడిపోతారు. ఒకడు బెంగళూరు, ఒకడు డల్లాస్. పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందో వాళ్లకే గుర్తుండదు.

మరో మెలిక... బయటి కంపెనీ అంతా కొత్తగా రాయదు. ఇదివరకు రాసి పెట్టుకున్న ముక్కలు తెచ్చి కలుపుతుంది. ఆ ముక్కల మీద హక్కు ఎవరిది? ఈ ప్రశ్న వేసుకోకపోతే ఏమవుతుందో చెప్పడానికి పెద్ద ఉదాహరణ స్కైప్. స్వీడన్‌కు చెందిన జెన్‌స్ట్రోమ్, డెన్మార్క్‌కు చెందిన ఫ్రీస్ 2003లో దాన్ని మొదలుపెట్టారు. సాఫ్ట్‌వేర్ రాసింది మాత్రం ఎస్తోనియా అనే చిన్న దేశంలోని కుర్రాళ్లు. వాళ్లకు డబ్బొక్కటే ఇచ్చి పంపేయలేదు, కంపెనీలో వాటా ఇచ్చారు. రెండేళ్లకే 2005లో ఈబే 260 కోట్ల డాలర్లకు స్కైప్‌ని కొంది. అంత పోసి కొన్నదాంట్లో ఫోన్‌ని ఫోన్‌తో కలిపే అసలు సాంకేతికత మాత్రం లేదు! అది వ్యవస్థాపకులదే అయిన జోల్టిడ్ అనే వేరే కంపెనీ పేరుమీద ఉంది. ఈబే కొన్నది వాడుకునే అనుమతి. 2009లో స్కైప్‌ని అమ్మేద్దామనుకునేసరికి కోర్టు కేసులొచ్చాయి. చివరికి వ్యవస్థాపకులకు స్కైప్‌లో 14 శాతం వాటా ఇచ్చి ఆ సాంకేతికతను తెచ్చుకున్నాక గానీ గొడవ సద్దుమణగలేదు. బంగళా కొన్నాక, దాని బావి పక్కవాళ్లదని తెలిసినట్టు!

బల్లకి అటువైపు మనవాళ్లు

'మావాడు అమెరికా కంపెనీ ప్రొడక్టు మీద పనిచేస్తున్నాడు' అని చెప్పుకునే తల్లిదండ్రులు తెలుగునాట లక్షల్లో ఉంటారు. అంటే ఈ కథల్లో చాలాసార్లు మన పిల్లలున్నది పని ఇచ్చేవైపు కాదు, పుచ్చుకునేవైపు. అక్కడి నుంచి చూస్తే లెక్క ఇంకోలా ఉంటుంది.

1991లో హైదరాబాద్‌లో బీవీఆర్ మోహన్‌రెడ్డి ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్ మొదలుపెట్టారు. తొలిరోజుల్లో పని, కాగితం మీదున్న ఇంజినీరింగ్ డ్రాయింగులనూ, మ్యాపులనూ కంప్యూటర్లోకి ఎక్కించడం. వినడానికి గుమాస్తా పనిలా ఉంటుంది. కానీ డ్రాయింగు ఎక్కించేవాడికి కొన్నాళ్లకు డ్రాయింగు అర్థమవుతుంది. అర్థమైనవాడికి దిద్దడం వస్తుంది. 2000లో విమాన ఇంజిన్లు చేసే ప్రాట్ అండ్ విట్నీతో సుదీర్ఘ ఒప్పందం కుదిరింది. ఇంజిన్ భాగాల డిజైన్ పనులు హైదరాబాద్‌కి వచ్చాయి. ప్రాట్ మాతృసంస్థ ఇన్ఫోటెక్‌లో వాటా కూడా తీసుకుంది. 2014లో కంపెనీ పేరు సైయెంట్‌గా మారింది. 2017లో మోహన్‌రెడ్డికి పద్మశ్రీ వచ్చింది. 

ఇంజిన్ మీద పేరు, పేటెంటు అమెరికా కంపెనీవే. ఇక్కడివాళ్లకు దక్కేది గంటల లెక్కనో, మనుషుల లెక్కనో వచ్చే ఫీజు. ఆదాయం రెట్టింపు కావాలంటే దాదాపు మనుషులూ రెట్టింపు కావాలి. మైక్రోసాఫ్ట్‌కి డాస్ పదిలక్షల కాపీలు అమ్మడానికీ, కోటి కాపీలు అమ్మడానికీ పెద్ద తేడా లేదు. ఇదీ అసలు బాధ. అలాగని సేవల వ్యాపారాన్ని చిన్నచూపు చూడటం అన్యాయం. నెలనెలా జీతాలిచ్చింది, పిల్లలను చదివించింది, మియాపూర్‌లో ఫ్లాట్లు కొనిపించింది అదే. ప్రొడక్టు చేస్తామని బయల్దేరి ఇల్లు గుల్లచేసుకున్నవాళ్ల సంఖ్యకు ఎక్కడా లెక్కలుండవు.

రెండు పడవలనూ జాగ్రత్తగా మారినవాళ్లూ ఉన్నారు. 1996లో అడ్వెంట్‌నెట్ పేరుతో మొదలైన కంపెనీ, టెలికాం పరికరాలు చేసేవాళ్లకు ఆ పరికరాల్లో ఇమిడిపోయే సాఫ్ట్‌వేర్ అమ్మేది. 2001లో టెలికాం వ్యాపారం కుప్పకూలి కొనేవాళ్లే కరవయ్యారు. అప్పుడు తన పేరుతో, తన ధరకు, నేరుగా కంపెనీలకే అమ్ముకోవడం మీద దృష్టిపెట్టింది. 2009లో పేరు మార్చుకున్న ఆ కంపెనీని ఇప్పుడు జోహో అంటున్నారు.

ఇక సియాటిల్ కంప్యూటర్ ప్రొడక్ట్స్ సంగతి మిగిలింది. మొత్తం 75 వేల డాలర్లకు డాస్‌ని అమ్మేసిన చిన్న కంపెనీ. కొంటున్నది ఎవరి కోసమో కూడా అప్పట్లో దానికి తెలియదు. యజమాని రాడ్ బ్రాక్ అమ్మేటప్పుడు ఒక్క షరతు మాత్రం రాయించుకున్నాడు. తమ హార్డ్‌వేర్‌తోపాటు డాస్‌ని ఎప్పటికీ రాయల్టీ లేకుండా అమ్ముకోవచ్చన్నది దాని అర్థం. కొన్నేళ్లకు హార్డ్‌వేర్ వ్యాపారం దెబ్బతింది. చేతిలో మిగిలింది ఆ షరతే. దాన్ని అమ్మకానికి పెట్టాడు. ప్రపంచంలో ఏ కంప్యూటర్ కంపెనీ కొనుక్కున్నా మైక్రోసాఫ్ట్‌కి పైసా కట్టకుండా డాస్ ఇచ్చుకోవచ్చేమోనన్న భయం! మైక్రోసాఫ్ట్ కుదరదంది. కేసు కోర్టుకెక్కింది. 1986లో రాజీ కుదిరింది. సాఫ్ట్‌వేర్ మొత్తానికి 75 వేలిచ్చిన మైక్రోసాఫ్ట్, ఆ ఒక్క షరతుని వెనక్కి తీసుకోవడానికి 9 లక్షల 25 వేల డాలర్లు కట్టింది.